చెరువు పక్కన శిథిలాలు, నా పేరున నోటీసు, పోయించింది మా ఇంటి అల్లుడు

హైదరాబాద్ తూర్పు శివారు నుంచి ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. మామగారు కట్టించిన 1,100 చదరపు అడుగుల పాత స్లాబు ఇల్లు ఆమె పేరున ఉంది. పన్ను రసీదూ, కొత్త ఇంటి పర్మిషనూ ఆమెవే. ఇల్లు పడగొట్టే పని ఆడపడుచు భర్తకు అప్పగించారు. ఆయన చిన్నచిన్న కాంట్రాక్టులు చేస్తుంటారు. తలుపులు, కిటికీలు, ఇనుము ఆయన తీసుకునేలా, పైన 60 వేలు ఇచ్చేలా నోటిమాటగా ఒప్పందం కుదిరింది. 40 వేలు ఫోన్‌పేలో, 20 వేలు నగదుగా ఇచ్చారు. బ్రేకర్ యంత్రంతో రెండు రోజుల్లో ఇల్లు నేలమట్టమైంది. రాత్రిళ్లు టిప్పర్లు వచ్చి శిథిలాలు ఎత్తుకెళ్లాయి.

మూడు వారాల తర్వాత మున్సిపల్ నోటీసు వచ్చింది. చెరువు పక్కన, దాన్ని ఆనుకున్న ఒక ఖాళీ ప్లాటులో 11 టిప్పర్ల శిథిలాలు పోసినందుకు 50 వేల జరిమానా కట్టాలని, 7 రోజుల్లో అక్కడి నుంచి తొలగించాలని అందులో ఉంది. ఆధారం ఏమిటంటే, మామగారి పేరూ ఇంటి నంబరూ చెక్కిన గ్రానైటు పలక ఆ కుప్పలో దొరికింది. ప్లాటు యజమాని విదేశంలో ఉన్నారు. ఆయన తమ్ముడు ఫోన్ చేసి పోలీసు కేసు పెడతానంటున్నారు. అల్లుడుగారేమో “రెండు గంటలు జేసీబీ పెట్టి సాపు చేయిస్తే ఏమీ కనపడదు, ఊరంతా చేసేదే కదా” అంటున్నారు. కాలనీ నాయకుడొకరు 30 వేలిస్తే ఫైలు మూయిస్తానన్నారు. మూడు నెలల్లో మేనకోడలి పెళ్లి ఉంది, చెల్లెలి కాపురంలో చిచ్చు పెట్టొద్దు, బావ పేరు ఎక్కడా ఎత్తొద్దని భర్త మాట. “జరిమానా కట్టేస్తే ఇది ఇక్కడితో ఆగుతుందా? అన్నయ్యగారి పేరు రాస్తే ద్రోహమవుతుందా? నన్ను జైల్లో పెడతారా? కొత్త ఇల్లు ఆగిపోతుందా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

ముందు గడువు సంగతి చూద్దాం. ఇది మీ చేతికి అందేసరికి నోటీసులోని 7 రోజులు దాటిపోయి ఉంటాయి. దాటినా సరే, మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు వెళ్లి ఒక పేజీ జవాబు ఇచ్చి రండి. జవాబు రాకపోతే ఆక్షేపణ లేదని రాసుకుని తర్వాతి చర్యకు వెళ్లిపోతారు. జవాబు రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి నసిగితే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అందులో ఏం రాయాలో కాసేపట్లో చెబుతాం.

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి: జరిమానా, కుప్ప, అల్లుడుగారు. మీ చుట్టూ ఉన్నవాళ్లంతా జరిమానా గురించీ ఆయన గురించీ మాట్లాడుతున్నారు. ఉత్తరం మొత్తంలో కుప్పను ఎత్తించడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. చలానా కట్టినంత మాత్రాన కుప్ప కదలదు. అది అక్కడ ఉన్నన్నాళ్లూ రెండో నోటీసుకూ, ప్లాటు యజమాని ఫిర్యాదుకూ, చెరువు మీద ఎవరైనా వేసే పిటిషన్‌కూ మీ మామగారి పేరున్న పలకే సాక్ష్యం. కుప్ప శిథిలాల శుద్ధి కేంద్రానికి చేరి, చేరినట్టు అక్కడ బరువు తూచి ఇచ్చే కాటా చీటీ మీ చేతిలో ఉంటే మిగతా రెండు చిక్కులూ సగానికి సగం సడలుతాయి. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇదే. కట్టడంతో ఆగదు, ఎత్తించడంతో ఆగుతుంది.

“పోసింది నేను కాదు కదా” అన్న మీ ఆవేదన న్యాయమైనదే, కానీ నోటీసుకు జవాబుగా అది నిలవదు. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు బాధ్యతను మొదట ఆ వ్యర్థాన్ని పుట్టించినవాళ్ల మీదే పెట్టాయి. వేరుచేయడం, సొంత స్థలంలోనే నిల్వ చేయడం, సేకరణ కేంద్రానికి చేర్చడం, రోడ్డు మీదా కాలువలోనూ పడకుండా చూడటం అన్నీ వాళ్లవే. వాటి స్థానంలో 2025లో కొత్త నియమాలు వెలువడ్డాయి. 2026 ఏప్రిల్ 1 వాటి అమలు తేదీ. వాటిలో పెద్ద మార్పు 20,000 చదరపు మీటర్లు దాటిన భారీ నిర్మాణాలకు సంబంధించింది. మీలాంటి ఇంటికి ‘ఎవరిల్లు కూలిందో వారే ముందు జవాబుదారు’ అన్న సూత్రం మారలేదు.

“మాది చిన్న ఇల్లు, ఈ రూల్సు బిల్డర్లకు” అని కూడా రాయకండి. 2016 నియమాల్లో ఒక రోజులో 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే వ్యర్థాల పెద్ద ఉత్పత్తిదారు కింద లెక్కగట్టేవారు. అప్పుడు కూల్చడానికి ముందే ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవాల్సి ఉండేది. సమ్మెటలతో నెల రోజులు పడగొట్టే కాలంలో మామూలు ఇల్లు ఆ గీత దాటేది కాదు. బ్రేకర్ వచ్చాక రెండు రోజుల్లో కూలే ఇల్లు తేలిగ్గా దాటేస్తుంది. మీదీ దాటింది.

ఇక లెక్క. మీరు లెక్కల టీచర్ కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది. పక్కా ఇల్లు కూల్చితే చదరపు మీటరుకు సుమారు 500 కిలోల శిథిలాలు వస్తాయని కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ టైఫాక్ అంచనా. 1,100 చదరపు అడుగులంటే 102 చదరపు మీటర్లు, అంటే 51 టన్నులు. చువ్వలు, తలుపులు, అమ్ముకోదగ్గ నిండు ఇటుకలు తీసేస్తే 40, 45 టన్నులు మిగులుతాయి. పది టైర్ల టిప్పర్ సుమారు 16 టన్నులు మోస్తుంది. మీ ఇల్లు మూడు ట్రిప్పులు, గట్టిగా అయితే నాలుగు. ఆరు టైర్ల బండి అయితే 9 టన్నుల లెక్కన ఐదు. నోటీసులో 11 ఉన్నాయి. అన్నీ చిన్న బళ్లే అనుకున్నా 99 టన్నులు. మీ ఇంట్లో ఉన్నది అందులో సగానికి మించదు.

కాబట్టి ఆ కుప్పలో మీది కానిది చాలా ఉంది. ఇలా జరగడం మామూలే. ఎక్కడైనా రెండు బళ్లు పడితే మర్నాటి నుంచి అది ‘పోసే చోటు’ అయిపోతుంది. వేరే ఇళ్ల కమోడ్లు, చిరిగిన పరుపులు, కోళ్ల షాపు చెత్త అన్నీ అక్కడికే వస్తాయి. పేరు మాత్రం పలక దొరికినవాళ్లకు పడుతుంది. నోటీసుకు అభ్యంతరం చెప్పడానికి మీకున్న బలమైన ఆధారం ఇదే. ‘మేం పోయలేదు’ అనకండి. ‘మా ఇంటి నుంచి వచ్చింది ఇంతకు మించదు’ అనండి. ఈ వాదనతో జరిమానా తగ్గుతుందన్న హామీ లేదు. తొలగించాల్సిన పరిమాణం మీద మాత్రం దీని ప్రభావం గట్టిగా ఉంటుంది. ఎత్తుడు ఖర్చు టన్నుల మీద ఆధారపడుతుంది కాబట్టి మీ జేబుకు అసలు తేడా అక్కడే.

జవాబులో ఇవి ఉండాలి. నోటీసు నంబరు, తేదీ. ఇంటి ప్లింతు ఏరియా ఎంతో చూపే పన్ను రసీదు నకలు. పై లెక్క నాలుగు వరుసల్లో. మీ వాటా శిథిలాలు సొంత ఖర్చుతో ఫలానా తేదీలోగా శుద్ధి కేంద్రానికి చేరుస్తానన్న హామీ, అందుకు 10 రోజుల గడువు కావాలన్న అభ్యర్థన. పంచనామా, ఫోటోలు, వాహనం నంబర్లు ఏమైనా నమోదై ఉంటే వాటి నకళ్లు ఇవ్వాలన్న విన్నపం. తొలగించేముందు సిబ్బంది వచ్చి మీ వాటా కుప్పలను గుర్తించి వెళ్లాలన్న కోరిక. చివరి రెండూ మర్చిపోవద్దు. నకళ్లు వారంలో రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి.

అల్లుడుగారి జేసీబీ సలహా అన్నిటికంటే ప్రమాదకరమైంది. వాళ్ల దగ్గర ఫోటోలున్నాయి. నోటీసు ఇచ్చాక సాపు చేస్తే సాక్ష్యం చెరిపినట్టవుతుంది. అది చెరువు ఒడ్డు కావడంతో ఇంకో పేచీ కూడా ఉంది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా. ఆ పరిధిలో కుప్పలు ఉంటే చెత్త పోసినట్టు. అదే కుప్పల్ని దున్ని చదును చేస్తే చెరువు పూడ్చినట్టు. మొదటిది మున్సిపల్ శానిటేషన్ వాళ్ల పని. రెండోదానికి ఇరిగేషన్, రెవెన్యూ వస్తాయి, ఔటర్ రింగ్ రోడ్డు లోపలైతే చెరువుల కబ్జాలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ హైడ్రా కూడా వస్తుంది. చెరువుల్లో మట్టి, శిథిలాలు పోసే బళ్ల మీద హైడ్రా కేసులు పెడుతున్న సంగతి మీరూ వినే ఉంటారు. నగరం చుట్టూ చాలా చెరువులు ముందు ఇలా రాత్రి టిప్పర్లతో, తర్వాత పగటి జేసీబీలతోనే మాయమయ్యాయి. చదును చేసిన బండి మీరు పురమాయించిందని తేలితే లెక్కల వాదన కూడా చెల్లదు.

30 వేల ‘సెటిల్‌మెంట్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రసీదు రాదు, కుప్ప ఉంటుంది, ప్లాటు వాళ్ల ఫిర్యాదు ఉంటుంది, ఆ ఆఫీసర్ బదిలీ అయితే ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. లంచం ఇచ్చినట్టు మీ మీదే ఇంకో నేరం అదనం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, జరిమానా మొత్తం కట్టి, మీ వాటా ఎత్తించి, ఆ ఖర్చు అల్లుడుగారి దగ్గర ఇంట్లోనే రాబట్టుకోవడం. త్వరగా తెములుతుంది, పెళ్లి వాతావరణం చెడదు. ఆయన ఇవ్వకపోతే మాత్రం ఆ డబ్బు పోయినట్టే. కట్టేటప్పుడు ఒక కవరింగ్ లెటర్ ఇవ్వండి, ‘11 లోడ్లకూ బాధ్యత ఒప్పుకుంటూ కాదు, మా వాటా మేరకు కడుతున్నాం’ అని. ఆ వాక్యం లేకుండా కడితే మొత్తం కుప్ప మీదేనని ఒప్పుకున్నట్టు చదువుకోవచ్చు.

రెండోది, లెక్కతో అభ్యంతరం చెప్పి, కుప్ప మాత్రం వెంటనే ఎత్తించి, జరిమానా మీద నిర్ణయం వచ్చేదాకా ఆగడం. మాకు మొగ్గు దీనివైపు ఉంది, 50 వేలు మీకు చిన్న మొత్తం కాదని మీరే రాశారు కాబట్టి. కానీ ఇందులో తిరుగుడు ఉంది. స్కూలు సెలవులు పెట్టుకుని రెండు మూడు సార్లు ఆఫీసుకు వెళ్లాలి. ఈలోగా జరిమానా బకాయి మీ ఇంటి నంబరు మీద కనిపించవచ్చు. కొత్త ఇల్లు దీనివల్ల వెంటనే ఆగదు. అయితే రేపు ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం వెళ్లేది ఇదే మున్సిపాలిటీకి, పాత పేచీ తేలకుండా అంతదాకా లాగడం మంచిది కాదు.

మూడోది, జవాబులో అల్లుడుగారి పేరు రాయడం. దీన్ని ద్రోహం అన్న కోణంలో కాకుండా, దీనివల్ల ఏమొస్తుందన్న కోణంలో చూడండి. ఆయన పేరు రాసినంత మాత్రాన మీ బాధ్యత తొలగదు. ఇద్దరూ జవాబుదారులవుతారు, అంతే. రాతపూర్వక ఒప్పందం లేదు. ఫోన్‌పే 40 వేలు దేనికిచ్చారో దాని మీద రాసి లేదు. అంటే ఆయన కాదంటే రుజువు చేయడం మీ నెత్తిన పడుతుంది. లాభం తక్కువ, ఇంట్లో పగలు ఎక్కువ. అయితే అధికారులు ‘కూల్చివేత ఎవరు చేశారు, బళ్లు ఎవరివి’ అని సూటిగా అడిగితే తెలియదని అబద్ధం చెప్పకండి. మీవారు అడుగుతున్నది అదే అయితే అది మీరు ఇవ్వగలిగిన మాట కాదు. తప్పుడు వాంగ్మూలం మీద మీ సంతకం ఉంటుంది, మీవారిది కాదు. పేరు ముందుగా ఎత్తకుండా ఉండటం వేరు, అడిగినప్పుడు దాచడం వేరు. మీ భర్తతో ఈ తేడా దగ్గర ఒప్పందానికి రండి.

అసలు పేరు కావలసింది టిప్పర్ యజమానిది. ఈ పని ఎలా నడుస్తుందో చూస్తే మీకే అర్థమవుతుంది. పడగొట్టే కాంట్రాక్టరుకు సొంత బళ్లు ఉండటం అరుదు. ట్రిప్పుకింత అని టిప్పర్ వాడితో మాట్లాడుకుంటాడు. శుద్ధి కేంద్రం దూరం, అక్కడ టన్నుకింత రుసుము, కాటా దగ్గర వరుస. చెరువు దగ్గరే, రుసుము లేదు. మాట్లాడుకున్న డబ్బు మాత్రం అదే. రాత్రికి రెండు ట్రిప్పుల చోట నాలుగు పడతాయి. మీ అల్లుడుగారికి ఎక్కడ పోస్తున్నారో తెలిసి ఉండొచ్చు, అడగకుండా ఊరుకుని ఉండొచ్చు. ఆయన దగ్గర నుంచి మీకు రావలసినవి మూడు: బండి నంబరు, ట్రిప్పుల సంఖ్య, ఏ రాత్రుల్లో నడిచాయో ఆ తేదీలు. వాట్సాప్‌లో రాతగా తీసుకోండి. ట్రిప్పుల సంఖ్య మీ లెక్కకు సరిపోతే మీ జవాబు రెట్టింపు గట్టిపడుతుంది.

ఆయనతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. అదీ ఆడపడుచు ఎదురుగా కాదు. “బావా, నీ పేరు రాయడం మాకిష్టం లేదు. కుప్ప మాత్రం ఎత్తాలి. జేసీబీ, టిప్పర్లు నువ్వు పెట్టు, కేంద్రం రుసుము మేం కడతాం. చీటీలు మాకివ్వు” అంటే చాలు. బళ్లు కుదిర్చే పరిచయాలు ఆయనకే ఉన్నాయి. మీరు బయటి నుంచి పెట్టిస్తే అయ్యే ఖర్చులో సగానికి ఆయన పెట్టగలడు. డబ్బు అడిగితే మొండికేసే మనిషి కూడా పని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మర్యాదా దక్కుతుంది. పెళ్లికి ముందే తేల్చడం ఆయనకూ మంచిదే. పెళ్లి పనుల మధ్య పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఆ పరువు ముందు పోయేది ఆడపిల్ల తండ్రిదే. దీనికీ ఒప్పుకోకపోతే అప్పుడు మూడో దారి గురించి మళ్లీ ఆలోచించండి. అప్పటికి మీ దగ్గర వాట్సాప్ ఆధారమైనా ఉంటుంది.

ఎత్తుడు పని దగ్గర చాలామంది తప్పు చేస్తారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాం. హైదరాబాద్ పరిధిలో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున శుద్ధి చేసే కేంద్రాలు ఉన్నాయి. మీ వైపు నుంచి నాగోలు దగ్గరి ఫతుల్లగూడ దగ్గర. అక్కడ స్లాబు ముక్కలు, ఇటుకలు నలిపి కంకర, ఇసుక, పేవర్ బిళ్లలు చేస్తారు. ముందుగా మీ మున్సిపల్ కార్పొరేషన్ హెల్ప్‌లైన్‌లో గానీ, యాప్‌లో గానీ ‘సీ అండ్ డీ వేస్ట్’, అంటే నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల ఎత్తివేతకు అడగండి. వాళ్లే బండి పంపితే రవాణాతో కలిపి రుసుము చెబుతారు. సొంత బండితో తీసుకెళ్తే ఎంతో కూడా అడిగి రెండూ పోల్చుకోండి.

ఎత్తేముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి. మీ కుప్పను గుర్తుపట్టడం మీరనుకున్నంత కష్టం కాదు. మీ హాల్లో వేసిన గచ్చు రంగు, వంటింటి టైల్సు, పెచ్చులకు అంటుకున్న డిస్టెంపర్ రంగు, స్లాబు ముక్కల మందం మీకు తెలుసు. పాత ఇంటి ఫోటోలు ఒకటి రెండు చేతిలో ఉంటే సిబ్బందికి చూపించవచ్చు. టిప్పర్ దించిన ప్రతి లోడూ విడి కుప్పగా ఉంటుంది కాబట్టి సున్నంతో గీత గీసి నంబర్లు వేసేయొచ్చు.

జేసీబీ డ్రైవరుకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: నేల గీరొద్దు. బకెట్ అర అడుగు లోతు దిగితే కింది నల్లమట్టి కూడా బండెక్కుతుంది. కాటాలో బరువు పెరుగుతుంది, మీరు మట్టికి రుసుము కడతారు. చెరువు ఒడ్డున గుంటలు పడ్డాయని ఇంకో మాటా వస్తుంది. ఆఖరి అరడుగు కూలీలతో తట్టల్లో ఎత్తించండి. వాన పడిన మర్నాడు పని పెట్టుకోవద్దు, తడిసిన పెచ్చులు బరువు తూగుతాయి. ఇంటి చెత్త, పరుపులు, ప్లాస్టిక్కు కలిసిన లోడును కేంద్రం దగ్గర వెనక్కి పంపే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని చేత్తో ఏరించి పక్కన పెట్టి, మామూలు చెత్త బండికి అప్పగించండి. మీ పాత ఇంట్లో పెరటి వైపు సిమెంటు రేకుల షెడ్డు ఉండి ఉంటే ఆ ముక్కలు విడిగా ఉంచాలి. పాత రేకుల్లో సాధారణంగా ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. విరగ్గొట్టకుండా, నీళ్లు చల్లి తడిపి, మందపాటి పాలిథీన్‌లో చుట్టాలి. అవి ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. ఎక్కడికి పంపాలో సిబ్బంది దగ్గర రాతగా అడగండి.

ప్రతి బండి వెంట మీ మనిషి ఒకరు కాటా దాకా వెళ్లాలి. నిండు బరువు, ఖాళీ బరువు, బండి నంబరు, తేదీ ఉన్న చీటీ ప్రతి ట్రిప్పుకూ తీసుకోవాలి. నాలుగు ట్రిప్పులు వెళ్లి మూడు చీటీలే వస్తే నాలుగోది దారిలో ఎక్కడో ఒరిగిందన్నమాట. కాటా చీటీలు చాలాచోట్ల థర్మల్ కాగితం మీద వస్తాయి, కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. ఆ రోజే జిరాక్స్ తీయించండి.

ప్లాటు సంగతి వేరు. అది ప్రైవేటు స్థలం కాబట్టి శుభ్రం చేయడానికైనా వాళ్ల అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. యజమాని తమ్ముడికి ఫోన్‌లో బతిమాలుకోవడం ఆపి ఒక మెయిలో వాట్సాప్ సందేశమో పంపండి: ఫలానా తేదీన జేసీబీతో వచ్చి మా వాటా తొలగిస్తాం, అనుమతి ఇవ్వండి, మీ మనిషి ఎదురుగా ఉంటే మంచిది అని. ఆయన ‘సరే’ అని రాసింది మీకు రక్షణ. పని అయ్యాక ‘మా ప్లాటులో పోసిన శిథిలాలు తొలగించారు’ అని రెండు వాక్యాలు రాయించుకోండి. ఆయన పోలీసులకు వెళ్తే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం ఫిర్యాదు రావచ్చు, దాన్లో బండి వాళ్ల పేర్లు ఎలాగూ తిరుగుతాయి. చాలామంది ప్లాటు వాళ్లకు కావలసింది కేసు కాదు, ఖాళీ ప్లాటు.

ఒక్కోసారి వాళ్లే “ఎలాగూ పల్లం, అక్కడే చదును చేసేయండి” అంటారు. ఒప్పుకోకండి. గుల్లగా పడిన శిథిలాలు ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటాయి. రేపు వాళ్లు దాని మీద కట్టిన గోడ నెర్రెలిస్తే మళ్లీ మీ పేరే తలుస్తారు. ఆ ప్లాటు బఫర్‌లో ఉంటే చదును చేసిన పాపమూ మీదే.

జైలు భయం గురించి. పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో ఇదివరకు జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా ఆర్థిక దండన పెట్టారు. మొదటిసారి, నాలుగు లోడ్లు, స్వయంగా ఎత్తించిన ఇంటి యజమానికి అంతదాకా రావడం జరగకపోవచ్చు. నోటీసును పట్టించుకోకుండా, చదును చేసి, మళ్లీ అక్కడే పోయించినవాళ్ల మీదే అలాంటివి పడతాయి. చెరువు కోసం కాలనీవాళ్లు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లినా, మీ చీటీలు మీ తరఫున మాట్లాడతాయి.

పని పూర్తయ్యాక చీటీల నకళ్లు, ముందూ వెనకా ఫోటోలు, ప్లాటు వాళ్ల లేఖ జతచేసి మరో జవాబు ఇన్‌వార్డ్ చేయించండి. మిగతా ఏడెనిమిది లోడ్లు ఎవరివో విచారించాలని, అక్కడ కెమెరా, కంచె పెట్టాలని అదే కాగితంలో కోరండి. పోసే చోటు అలాగే ఉంటే ఆర్నెల్ల తర్వాత ఇంకొకరి కుప్పకు మళ్లీ మీ తలుపే తడతారు.

కొత్త ఇల్లు మొదలుపెట్టబోతున్నారు కాబట్టి ఇది కూడా. కొత్త కట్టడంలో చదరపు మీటరుకు 40 నుంచి 60 కిలోల వ్యర్థాలు వస్తాయని అదే టైఫాక్ అంచనా. 300 చదరపు మీటర్ల ఇంటికి 12 నుంచి 18 టన్నులు. పునాది తవ్విన మట్టి దీనికి అదనం, అది ఇంకా ఎక్కువ ఉంటుంది. మేస్త్రీ అయినా బంధువైనా ఈసారి వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకోండి. అందులో ఈ షరతు ఉండాలి: ‘మట్టి, శిథిలాలు తరలించిన ప్రతి ట్రిప్పుకూ బండి నంబరుతో కాటా చీటీ, లేదా మట్టి తీసుకున్న స్థల యజమాని సంతకంతో రసీదు ఇవ్వాలి. చీటీ లేని ట్రిప్పుకు డబ్బు చెల్లించబడదు. చివరి వాయిదా అన్ని చీటీలూ అందాకే.’ తవ్విన మట్టిలో మీ బేస్‌మెంట్ నింపడానికి, చుట్టూ తవ్విన గుంటలు తిరిగి పూడ్చడానికి కావలసింది ముందే లెక్కగట్టి ప్లాటులోనే ఓ మూల ఉంచండి. రోడ్డు మీద పోయిస్తే మళ్లీ చలానా. ఆ గ్రానైటు పలక ఎత్తుడు రోజున దొరికితే, పంచనామాలో దాని ఫోటో ఉందో లేదో చూసుకుని, సిబ్బందికి చెప్పి తెచ్చుకోండి. అడగకుండా తీస్తే దానికీ ఓ ప్రశ్న వస్తుంది.